చేతికి చిక్కిన పగను వదులుకోవడం ఎలా: అంతరంగ సాధనకు ఒక సమగ్ర మార్గదర్శి

ఒక కార్తీక మాసపు ఉదయం నాకొక ఫోన్ వచ్చింది. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య వరుస, తన కూతురికి సంబంధం చూస్తున్నాడని అప్పటికే విని ఉన్నాను. ఫోన్ చేసినవారు పెళ్ళికొడుకు మేనమామ. "అమ్మాయి నచ్చిందండీ. ఇంటి సంగతి మీలాంటి దగ్గరివాళ్ళను అడిగితే తెలుస్తుందని చేశాను" అన్నారు. అప్పటికి ఆరేళ్ళుగా ఆ అన్నయ్యకూ నాకూ మాటలు లేవు. కాలవ పక్క పొలంలో హద్దు రాయిని రెండు మూరలు మా వైపుకు జరిపించి, నిలదీసిన మా నాన్నగారిని పెద్దమనుషుల ముందు "అబద్ధాలకోరు" అన్నాడు. ఆ తరువాత నాన్నగారు మళ్ళీ ఆ గట్టు ఎక్కలేదు. ఏడాది తిరగకుండానే పోయారు. ఇప్పుడు ఆ ఇంటి శుభకార్యం నా నోటి మాట మీద ఆధారపడి ఉంది. "ఏం చెప్పమంటారండీ..." అని ఒక్క నిట్టూర్పు విడిస్తే చాలు, వాళ్ళు మరో గడప తొక్కేవారు.

"సాయంత్రం నేనే చేస్తానండీ" అని ఫోన్ పెట్టేశాను. ఈ మార్గదర్శిలో ఉన్న దశలు కొన్ని ఆ పగటి పూటే నాకు తట్టినవి, కొన్ని తరువాతి సంవత్సరాలలో పెద్దల గ్రంథాలు చదువుతూ, మళ్ళీ మళ్ళీ తడబడుతూ నేర్చుకున్నవి. ఇవి జరిగిపోయిన అన్యాయం గురించి, మనసులో మిగిలిపోయిన పగ గురించి చెప్పినవి. అన్యాయం ఇంకా జరుగుతూనే ఉంటే, ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతూ బెదిరిస్తూ ఉంటే, ముందు చేయవలసింది ధ్యానం కాదు. 112కు గానీ, మహిళలైతే 181కు గానీ ఫోన్ చేసి రక్షణ పొందడం. పగ ఆలోచనలతో నిద్రాహారాలు తప్పి, మీ చేతులమీద మీకే నమ్మకం పోతున్నట్టు అనిపిస్తే 14416 నంబరులో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ) సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. సాధన ఆ తరువాత కూడా చేసుకోవచ్చు.

మొదటి దశ: గడువు పెట్టుకోండి

పగ తీర్చుకునే అవకాశం ఎప్పుడూ తొందర పెడుతూనే వస్తుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అన్నట్టుగా ఉంటుంది దాని రాక. కాబట్టి మొట్టమొదట క్షమించాలా వద్దా అన్న ప్రశ్న జోలికే పోకండి. ఒక సూర్యాస్తమయం దాకా, లేదా ఒక నిద్ర దాటేదాకా ఏమీ చేయనని, ఏమీ అననని మీకు మీరే గడువు పెట్టుకోండి. నీళ్ళు చేతిలో పోసుకొని సంకల్పం చెప్పుకునే అలవాటు ఉన్నవారు అలాగే చేయవచ్చు. లేనివారు ఒక కాగితం మీద తేదీ, గంట వేసి పెట్టుకుంటే సరిపోతుంది. పగను జన్మంతా వదులుకొమ్మంటే మనసు ఎదురు తిరుగుతుంది, సాయంత్రం దాకా ఆగమంటే ఒప్పుకుంటుంది. ఆ గడువులో సెల్‌ఫోన్‌ను మరో గదిలో పెట్టండి. మీ పక్షాన మాట్లాడే మిత్రుడికి కూడా ఆ పూట చెప్పకండి. మన కోపాన్ని మన కంటే ఎక్కువగా మోసే స్నేహితులు ఉంటారు, వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ పూటకు పనికిరారు.

రెండవ దశ: లోపల ఉన్నదాన్ని దాని పేరుతో పిలవండి

తెలుగులో ఈ భావాలకు ఉన్నన్ని పేర్లు ఊరికే పుట్టలేదు. కోపం వచ్చి పోయేది. ఉక్రోషం ఏమీ చేయలేని నిస్సహాయతలో నుంచి పుట్టేది, అందుకే అందులో కన్నీళ్ళు కలిసి ఉంటాయి. అక్కసు ఎదుటివాడు బాగుండటం చూసి రగిలేది. కసి వేడిగా ఉంటుంది, వెంటనే ఏదో ఒకటి చేయమంటుంది. పగ చల్లగా ఉంటుంది. అన్నం తింటుంది, నవ్వుతుంది, పండగ చేసుకుంటుంది, అవకాశం కోసం కాచుకొని కూర్చుంటుంది. ప్రశాంతంగా కూర్చొని, కళ్ళు మూసుకొని, మీలో ఇప్పుడు ఉన్నది వీటిలో ఏదో గుర్తించండి. అది ఒంట్లో ఎక్కడ ఉందో కూడా చూడండి: గొంతులోనా, దవడలోనా, కడుపులోనా. నాకు అది రొమ్ము ఎముక కింద ఒక ఉండలాగా ఉండేది. నేను ఆరేళ్ళుగా పగ అనుకుంటున్నదానిలో సగానికి పైగా ఉక్రోషమేనని ఆ రోజు తెలిసింది: మా నాన్నగారు తల వంచుకొని పెద్దమనుషుల మధ్య నుంచి లేచి వస్తుంటే పక్కనే ఉండి నేను ఏమీ అనలేకపోయాను. ఉక్రోషానికి మందు ఎదుటివాడిని దెబ్బ కొట్టడం కాదు, ఎందుకంటే అది అతని మీద పుట్టినది మాత్రమే కాదు, మన మీద మనకే పుట్టినది కూడా.

మూడవ దశ: ఏమి తీరాలని కోరుకుంటున్నారో రాయండి

మన భాషలో అప్పు తీరుస్తాం, మొక్కు తీర్చుకుంటాం, దాహం తీర్చుకుంటాం, పగ కూడా తీర్చుకుంటాం. అన్నింటికీ ఒకటే క్రియ. అప్పు తీరిస్తే పత్రం చించేస్తారు, ఇక అడిగేవాడు ఉండడు. మొక్కు కూడా అంతే. దాహం అలాంటిది కాదు, తీర్చిన కొద్దీ మళ్ళీ వేస్తుంది. పగ అప్పులాంటిదని మనం అనుకుంటాం: వాడు నాకు ఇంత బాకీ, అది వసూలైతే లెక్క సరిపోతుంది అని. ఇది ఒక్క హిందువుల ఆలోచనే కాదు. తెలుగు క్రైస్తవులు రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అని ఉంది, అక్కడా మాట ఋణమే. అయితే ఆ బాకీ ఎంత, ఏ రూపంలో ఇస్తే చెల్లినట్టు అని నిజంగా లెక్క వేసినవారు తక్కువ.

ఈ లెక్కను రాతపూర్వకంగా వేయాలి. ఒక నోటు పుస్తకం తీసుకొని మూడు రోజులు వరుసగా, రోజుకొక పేజీ చొప్పున ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. నా దగ్గర నుంచి పోయినది ఏమిటి? నేను అనుకున్న ప్రతీకారం పూర్తిగా నెరవేరితే, మరునాడు పొద్దున్నే లేచేసరికి ఆ పోయినదానిలో ఏది నా చేతిలో ఉంటుంది? నాకు నిజంగా కావలసినది ఇవ్వగలిగినవారు ఎవరు? మూడో రోజు పేజీ సాధారణంగా మొదటి రోజు పేజీలాగా ఉండదు. తరువాతి రోజుల్లో నేను ఇలా రాసినప్పుడు, మొదటి రోజు పొలం గురించి, సర్వే నంబరు గురించి, ఆ రెండు మూరల నేల ధర గురించి రాశాను. మూడో రోజుకు పేజీలో ఒకటే వాక్యం ఉంది: "మా నాన్న అబద్ధం ఆడలేదని వాడు ఒక్కసారి అనాలి." ఆ మాటను ఆ పిల్ల పెళ్ళి చెడగొట్టి నేను రప్పించగలిగేవాణ్ణి కాదు. పైగా అన్నయ్య జీవితాంతం మా నాన్నగారి పేరును మరింత చేదుగా తలుచుకునేవాడు. నేను ఏ పేరును కాపాడాలనుకున్నానో దాన్నే నా పగ పాడు చేసేది.

మీ పేజీలో వచ్చేది మరొకటి కావచ్చు. పోయిన డబ్బు కావచ్చు, నమ్మకం కావచ్చు, తిరిగి రాని మనిషి కావచ్చు. ఏది వచ్చినా దాన్ని దిద్దకుండా, అందంగా మార్చకుండా అలాగే ఉంచండి.

నాలుగవ దశ: నెమరువేతను గమనించండి

భగవద్గీత రెండవ అధ్యాయంలో, 62, 63 శ్లోకాలలో పతనానికి ఒక మెట్ల వరుస ఉంది. ఒకదానినే తలుచుకుంటూ ఉండటం వల్ల సంగం (దానికి అంటుకుపోవడం), సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, దానివల్ల స్మృతి విభ్రమం (జ్ఞాపకం చెదరడం), ఆపైన బుద్ధినాశం. చాలామంది ఈ వరుసలో క్రోధం దగ్గర ఆగడానికి ప్రయత్నిస్తారు. అక్కడికి చేరాక ఆగడం కొండవాలులో ఎడ్లబండిని ఆపినట్టే ఉంటుంది. ఆగవలసిన చోటు మొదటి మెట్టు, అదేపనిగా తలుచుకోవడం. నాకు ఈ శ్లోకాలలో లోతుగా తగిలిన మాట మాత్రం స్మృతి విభ్రమం. క్రోధంలో ఉన్నప్పుడు మనం ఎదుటివాడు చేసిన తప్పును మరచిపోము, మిగిలినదంతా మరచిపోతాం. ఆ పిల్ల నాలుగేళ్ళ వయసులో "బాబాయ్" అంటూ నా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చొని సంతకు వచ్చిన సంగతి ఆ ఉదయం నాకు జ్ఞాపకం రాలేదు. మధ్యాహ్నం దాటాక వచ్చింది.

అభ్యాసం ఇలా ఉంటుంది. జరిగిన సంఘటన మనసులో మళ్ళీ ఆడటం మొదలైనప్పుడు దాన్ని బలవంతంగా నొక్కిపెట్టకండి, దానితో వాదించకండి. "నెమరువేత మొదలైంది" అని లోపల ఒక్క మాట అనుకొని, దృష్టిని శ్వాస మీదికో, మీకు అలవాటైన నామం మీదికో తీసుకురండి. ఊపిరి వదలడం తీసుకోవడం కంటే నిదానంగా ఉండేలా పది పన్నెండు సార్లు చేయండి. దీనితో పాటు రోజులో ఒక పావుగంటను ఆ బాధకే కేటాయించండి. సంధ్యవేళ అయితే మంచిది. మిగిలిన సమయంలో అది వచ్చినప్పుడు "సాయంత్రం రా, వింటాను" అని చెప్పి పంపండి. వింటానని చెప్పిన తరువాత నిజంగా వినాలి, మాట తప్పకూడదు. మొదటి పది రోజులు ఆ పావుగంట చాలదనిపిస్తుంది. తరువాత తరువాత కొన్ని సాయంత్రాలు చెప్పుకోవడానికి ఏమీ లేక ఊరికే కూర్చుంటారు.

ఐదవ దశ: దెబ్బ ఎవరి మెడ మీద పడుతుందో చూడండి

ఈ దశ మీద ఎక్కువ సేపు నిలవమని కోరుతున్నాను. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ ఘట్టం ఉంది. తండ్రి ద్రోణుణ్ణి చంపినందుకు పగబట్టిన అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి, నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపుతాడు. అర్జునుడు అతన్ని పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. అప్పుడు ద్రౌపది గురుపుత్రుడికి నమస్కరించి అడిగిన ప్రశ్నే "ఉద్రేకంబున రారు" అనే పద్యం: వాళ్ళు ఉద్రేకంతో నీ మీదికి రాలేదు, ఆయుధాలు పట్టి యుద్ధభూమిలో లేరు, నీకు కొంచెం ద్రోహం కూడా చేయలేదు, చీకటిలో నిద్రపోతున్న చిన్న పిల్లలను చంపడానికి "అకటా! నీ చేతు లెట్లాడెనో?" ఆ తరువాత ఆమె అర్జునుణ్ణి అతన్ని విడిచిపెట్టమనే వేడుకుంటుంది. తాను ఏడ్చినట్టు అతని తల్లి కృపి ఏడవకూడదన్నది ఆమె బాధ.

పగ ఎప్పుడూ గురిపెట్టిన మనిషి దగ్గర ఆగదు. ద్రోణుణ్ణి చంపినవారు వేరు, ఆ రాత్రి నిద్రలో చనిపోయిన ఆ పిల్లలు వేరు. రాయలసీమ పల్లెల్లో తరాలు సాగిన ఫ్యాక్షన్ కక్షలలో తెల్లచీర కట్టుకొని మిగిలిపోయిన ఆడవాళ్ళలో ఎంతమంది ఆ మొదటి గొడవ నాటికి పుట్టి ఉంటారు? మీరు తలపెట్టిన ప్రతీకారాన్ని కళ్ళు మూసుకొని నెమ్మదిగా చివరి దాకా నడిపించి చూడండి. ఆ దెబ్బ తిన్న మనిషి ఇంటికి వెళ్ళినప్పుడు తలుపు తీసేది ఎవరు? ఆ రాత్రి అక్కడ అన్నం మానేసేది ఎవరు? వాళ్ళ ముఖాలు మీకు తెలిసినవైతే ఒక్కొక్కటిగా తలుచుకోండి. నేను సైకిలు కడ్డీ మీద కూర్చున్న పిల్లను తలుచుకున్నది ఈ దశలోనే. నీ చేతులెట్లాడెనో అన్న ప్రశ్న ఆ మధ్యాహ్నం నా నోటికి, నా నిట్టూర్పుకు వర్తించింది.

ఆరవ దశ: మూడు తలుపులూ మూయండి

పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలో, చెడు తలపులు బాధించినప్పుడు వాటికి ఎదురు భావనను పెంచుకొమ్మని చెప్పిన వెంటనే, హింస మూడు విధాలని వివరించాడు: తాను చేసినది, ఇతరులచేత చేయించినది, ఇతరులు చేస్తుంటే ఆమోదించినది. మర్యాదస్తులమైన మనం మొదటి తలుపు మూసి, మిగిలిన రెండూ బార్లా తెరిచి పెడతాం. అడిగినప్పుడు అర్థవంతంగా మౌనం వహించడం, ఫలానావాళ్ళను అడగండి అని శత్రువు శత్రువు దగ్గరికి పంపడం, అతనికి కీడు జరిగిందని విన్నప్పుడు "దేవుడున్నాడు" అని తృప్తిగా అనడం, ఇవన్నీ పగ తీర్చుకోవడాలే. ప్రతి రాత్రీ పడుకునే ముందు ఈ మూడింటి గురించీ మిమ్మల్ని మీరు విడివిడిగా అడగండి.

ఎదురు భావన అంటే శత్రువును ప్రేమించడం అని భయపడనక్కరలేదు. అదే పతంజలి మొదటి పాదంలో సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల ముదిత (సంతోషం), పాపం చేసినవారి పట్ల ఉపేక్ష చెప్పాడు. తప్పు చేసినవాడితో స్నేహం చేయమనలేదు. ఉపేక్ష అంటే అతని మంచిచెడ్డల లెక్కను నా చేతిలో నుంచి దింపేయడం. నావంటి మామూలు మనిషికి ఇది అందే మెట్టు.

ఆ సాయంత్రం నేను ఫోన్ చేసి చెప్పినది ఇంతే: "అమ్మాయిని చిన్నప్పటి నుంచి ఎరుగుదునండీ. నెమ్మదైన పిల్ల. మా రెండిళ్ళకూ పొలం తగాదా ఉంది, అది మీకు ఎలాగూ తెలుస్తుంది. దానికీ ఆ పిల్లకూ ఏ సంబంధమూ లేదు." అబద్ధం చెప్పలేదు, దాచనూ లేదు. ఫోన్ పెట్టేశాక సంతోషమేమీ కలగలేదు, అలసట మాత్రం కలిగింది. చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను.

ఏడవ దశ: న్యాయాన్ని పగ నుంచి విడదీయండి

పగ వదలడమంటే హక్కు వదలడం కాదు. పైన చెప్పిన కథలోనే, ద్రౌపది దయతో అశ్వత్థామ ప్రాణం దక్కింది, కానీ అర్జునుడు అతని తలమీది మణిని కోసి తీసుకొని, శిబిరం నుంచి వెళ్ళగొట్టాడు. దయ ఉంది, శిక్ష కూడా ఉంది. పొలం హద్దుల సంగతైతే తహసీల్దారు కార్యాలయం ద్వారా మండల సర్వేయరుతో కొలతలు వేయించుకోండి. ఆక్రమణ తేలితే సివిల్ కోర్టుకు వెళ్ళండి. హక్కును బట్టి స్థిరాస్తి స్వాధీనం కోరే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా 12 సంవత్సరాల గడువు ఇస్తుంది, కనుక మనశ్శాంతి పేరుతో దాన్ని జారవిడుచుకోకూడదు. రాజీకి వీలుంటే లోక్ అదాలత్ ఉంది; అక్కడి అవార్డుకు (తీర్పుకు) కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

ఏది న్యాయమో ఏది పగో తేల్చుకోవడానికి నేను వాడే కొలబద్ద ఒకటి ఉంది: నాకు రావలసినది పూర్తిగా వచ్చి, అతనికి ఏ అవమానమూ జరగకపోతే నాకు సరిపోతుందా? సరిపోతుందంటే నేను అడుగుతున్నది న్యాయం. వెలితిగా ఉంటే ఆ వెలితి అంతా పగ. ఆ రోజు వకీలుకు ఫోన్ చేయకుండా, మూడవ దశలోని నోటు పుస్తకం తెరవడం మేలు.

ఎనిమిదవ దశ: మిగిలిన నిప్పుకు చోటు చూపించండి

ఇన్ని చేసినా అడుగున కొంత మిగులుతుంది. మహాభారతం ఆదిపర్వంలో ఔర్వుడి కథ దీని గురించే. కృతవీర్యుడి వంశంవారు ధనం కోసం భృగువంశీయులను, కడుపులో ఉన్న పిండాలతో సహా చంపుతుంటే, ఒక తల్లి తన ఊరువులో (తొడలో) దాచుకొని కన్న కొడుకు అతడు. లోకాలన్నింటినీ కాల్చేద్దామని తపస్సుకు పూనుకున్నాడు. పితృదేవతలు వచ్చి వద్దన్నారు. అతడు, నా క్రోధాన్ని లోపల అణిచిపెడితే అది నన్నే కాలుస్తుంది అన్నాడు. వాళ్ళు దాన్ని మింగెయ్యమని చెప్పలేదు. సముద్రంలో విడువమన్నారు. అదే బడబాగ్ని అయింది. ఈ కథను వసిష్ఠుడు, తండ్రిని రాక్షసుడు తిన్నందుకు లోకాలను దహించబోయిన తన మనుమడు పరాశరుడికి చెప్పాడు.

మీ సముద్రం ఏదో మీరు వెతుక్కోవాలి. అది రోజూ మైళ్ళకొద్దీ నడక కావచ్చు, మీకు జరిగిన అన్యాయమే జరిగిన మరొకరికి కాగితాలు రాసిపెట్టడం కావచ్చు, దేవుడి ముందు గట్టిగా ఏడవడం కావచ్చు. నేను మా నాన్నగారి ఆబ్దికం రోజున, తర్పణం విడిచాక, ఆయన నిజాయితీగా చేసిన ఒక పని గురించి పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. అన్నయ్య నోటి నుంచి రావాలనుకున్న మాట ఏటా నా నోటి నుంచి వస్తోంది.

మళ్ళీ రాజుకున్నప్పుడు

ఔర్వుడి కథ విన్న పరాశరుడు లోకాలను విడిచిపెట్టాడు కానీ, రాక్షసులను కాల్చే సత్రయాగం మాత్రం మొదలుపెట్టాడు. పులస్త్యుడు మొదలైన మహర్షులు వచ్చి చెబితే గానీ ఆపలేదు. వ్యాసుడి తండ్రి అంతటివాడికే రెండోసారి చెప్పవలసి వచ్చింది. అందువల్ల ఆరు నెలల తరువాత ఒక పెళ్ళిలో ఆ మనిషి మీ ఎదుటి బంతిలో కూర్చుంటే, చేతిలో ముద్ద గొంతు దిగకపోతే, చేసిన సాధన వృథా అయిందని అనుకోకండి. లేచి బయటికి వచ్చి చేయి కడుక్కొని, నాలుగవ దశలో చెప్పిన శ్వాసతో మళ్ళీ మొదలుపెట్టండి. మీరు తేరుకోలేని రోజున చెప్పేందుకు పులస్త్యుడి వంటి ఒక పెద్దమనిషిని, మీ తరఫున కోపగించుకోనివారిని, ముందే అనుకొని పెట్టుకోండి.

నోటు పుస్తకాన్ని పారేయవద్దు. ఏడాదికొకసారి, అదే తేదీన, అవే మూడు ప్రశ్నలకు కొత్త పేజీలో జవాబు రాసి, పాత పేజీ పక్కన పెట్టి చదవండి. మా హద్దు తగాదా ఇంకా కోర్టులో నడుస్తోంది. ఈ కార్తీకంలో నేను రాసిన పేజీలో అన్నయ్య పేరు ఒక్కసారే వచ్చింది, అదీ వాయిదా తేదీ పక్కన.